పెద్దమ్మ అడుగుతూ వచ్చిన మాట

మా పక్కింటి పెద్దమ్మ పోయిందని భూపాలపల్లి నుంచి ఆమె బిడ్డ ఫోన్ చేసినప్పుడు నేను జనగామలో తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ పాఠం చెబుతున్నాను. వరండాలోకి వచ్చి విన్నాను. "అక్కా, అమ్మ తెల్లారంగ పోయింది. ఊరికి తీస్కపోతున్నం" అంది. తిరిగి లోపలికి వెళ్లి ఆ పీరియడ్ పూర్తి చేశాను. ఏడుపు రాలేదు. నేను ఆమెకు చేసిన తప్పు ఒప్పుకోవడానికి ఇక మనిషి లేదన్న భయం వచ్చింది.

కురవి దగ్గర మా ఊళ్లో ఆమె ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే. చుట్టరికం లేదు, వరస కలిపి పెద్దమ్మ అనేవాళ్లం. అమ్మ చేనుకు పోయిన రోజు నాకు అన్నం పెట్టేది ఆమే. ఐదో తరగతిలో ఉన్నప్పుడు నేను బొగ్గు ముక్కతో ఆమె అరుగు మీద ఆమెకు సంతకం నేర్పాను. నేను టీచర్ని కాకముందే నన్ను టీచరమ్మా అని పిలిచింది పెద్దమ్మే. కొత్త మాట ఏది విన్నా నన్నడిగేది. అర్థం చెబితే సరిపోయేది కాదు. "గది యాడ వాడాలె, యాడ వాడొద్దు?" అనేది. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఆ రెండో ప్రశ్న అడిగిన పిల్లలు నాకు ఒక్కరూ తగల్లేదు.

మా వీధిలో మురుగునీళ్లు పోవడానికి మోరీ లేదు. వాన పడితే నీళ్లన్నీ ఆమె ఇంట్లోకే. మిరపకాయలు ఏరి వచ్చి, మండుతున్న చేతులతోనే చెంబుతో నీళ్లు ఎత్తిపోసేది. "మోరీకి నోరు లేదు బిడ్డా, మనమే మాట్లాడాలె" అనేది. ముందటి పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు మెంబరు సీటు ఆడవాళ్లకు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా వెళ్లి నామినేషన్ వేసి వచ్చింది పెద్దమ్మ. అదే వార్డుకు మా వదిన కూడా వేసింది.

అన్న నాకు ఫోన్ చేశాడు. "చెల్లె, ఆమె ఎవ్వల మాట ఇంటలేదు. నీ మాటయితే ఇంటది. జర వచ్చి చెప్పు" అన్నాడు. నేను రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి ఊరికి వెళ్లాను. ఎందుకు వెళ్తున్నానో నాకు బాగా తెలుసు.

నన్ను చూసి పెద్దమ్మ సంబరపడింది. ఎన్నికల్లో తనకు గ్యాస్ పొయ్యి గుర్తు వస్తే బాగుండునని ఆమె ఆశ. "గోడ మీద గీయి బిడ్డా, వచ్చేటోళ్లకు సూపెడ్త" అంది. ఎర్రమట్టి జాజు కలిపి ఇచ్చింది. నేను గీశాను. రెండు బర్నర్లు, రెండు మీటలు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి చూసి నవ్వింది. ఆ చేత్తోనే మర్నాడు పొద్దున ఆమెను నామినేషన్లు తీసుకునే ఆఫీసుకు తీసుకుపోయాను.

దారిలో చెప్పాను. "అన్నతోటి పోటీ ఎందుకు పెద్దమ్మా, ఇయ్యాల విత్‌డ్రా చేస్కో."

"విత్‌డ్రా అంటే ఏంది?"

"వాపస్ తీస్కునుడు."

"మళ్ల పెట్టచ్చునా?"

ఒకసారి వెనక్కి తీసుకుంటే ఇక లేదని నాకు తెలుసు. ఆమెకు తెలియదని కూడా తెలుసు. "కూసొని మాట్లాడుకుందాం. కావాలంటే మళ్ల పెట్టుకోవచ్చు" అన్నాను. నేను నేర్పిన సంతకమే, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది.

మరుసటి రోజు మళ్లీ కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. వదిన ఏకగ్రీవం అయిన సంతోషంలో మా వాళ్లంతా అక్కడే ఉన్నారు, వాళ్లతో నేనూ ఉన్నాను. అధికారి విసుక్కున్నాడు. "ఒకసారి విత్‌డ్రా చేసుకుంటే అయిపోయినట్టేనమ్మా. మళ్లీ పెట్టొచ్చని నీకెవరు చెప్పారు?"

పెద్దమ్మ నా వైపు చూసింది. "ఎవ్వలు చెప్పలే సారూ, నాకే సమజ్ కాలే" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, నోరూ విప్పలేదు. ఆ ఒక్క నిమిషం నోరు విప్పి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

మోరీ వచ్చింది, మా ఇంటి దాకా వచ్చి ఆగింది. పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టడం మానలేదు. కానీ ఊరికి వెళ్లినప్పుడల్లా కంచం ముందు కూర్చోబెట్టి ఆ మాట మీద పరీక్ష పెట్టేది.

"వానకాలం ఎనుకకు పోతది గద, దాన్ని విత్‌డ్రా అంటరా?"

"అంటరు పెద్దమ్మా."

"కోడి గుడ్ల మీదికెల్లి లేస్తే?"

"అనరు."

"మంటల చెయ్యి పెట్టి గుంజుకుంటే?"

"అంటరు."

"ఒకలకు చెప్పిన మాటను?"

"దాన్నీ అంటరు."

"గట్లనా" అని ఇంకో గరిటె పప్పు వేసేది. ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె మొహం వెతికేదాన్ని. లేదు. నిజంగానే నేర్చుకుంటోంది. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. తిడితే తేలికపడేదాన్ని.

నేను క్లాసులో ఆ క్రియ చెప్పవలసి వచ్చినప్పుడు వానలూ, సైన్యాలూ ఉదాహరణగా చెబుతాను. గైడులో నామినేషన్ ఉదాహరణ ఉంటుంది, దాన్ని దాటేస్తాను. రెండేళ్ల కింద ఆమె బిడ్డ ఆమెను భూపాలపల్లి తీసుకుపోయింది. వెళ్లి తప్పయింది పెద్దమ్మా అని చెప్పాలనుకున్నాను. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను, వేసవి సెలవులకన్నాను. తప్పించుకోవడానికి సాకులు నాకెప్పుడూ కరువు లేవు.

దినాలకు ముందు ఊరికి వెళ్లాను. ఆమె బిడ్డ గోడలకు సున్నం వేయిస్తోంది. గుమ్మం పక్కన నేను గీసిన పొయ్యి అట్లాగే ఉంది. పెద్దమ్మ ఏటా చుట్టూ సున్నం కొట్టి దాన్ని వదిలేసేదట. పూతలు పేరుకుని బొమ్మ గోడలోకి దిగినట్టుంది.

"దీన్ని మాత్రం నన్ను ముట్టనియ్యలే అక్కా. టీచరమ్మ గీసింది, తుడిస్తే ఆమెనే తుడువాలె అనేది" అని ఆమె బిడ్డ తడిగుడ్డ నా చేతికిచ్చింది.

గుడ్డలోంచి నీళ్లు నా పాదాల మీద పడుతున్నాయి. గోడ మీద రెండు బర్నర్లు, రెండు మీటలు ఎర్రగా ఉన్నాయి.