ఒక్క మాట అడగడానికి శాలిబండకు

నేను వెళ్ళింది చార్మినార్ చూడటానికి కాదు, ఒక అమ్మాయి అనుమతి అడగడానికి. హనుమకొండలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్తాను. తీరిక దొరికితే ఒక విదేశీ పత్రికకు మన కాలేజీ చదువుల మీద చిన్న విశ్లేషణలు రాస్తుంటాను. ఈసారి పీజీ కోర్సుల్లో పెరుగుతున్న ఆడపిల్లల సంఖ్య గురించి రాశాను. అంకెలు చూసి అందరూ సంబరపడుతుంటే, హైదరాబాద్ శాలిబండలో ఉండే శైలజ ఫోన్‌లో నాతో అన్న మాటతో మొదలుపెట్టాను: "కాలేజీల పేరున్నన్ని రోజులు పెండ్లి మాట ఎత్తరు మేడం, అందుకే ఎం.ఏ.ల చేరిన."

ఆ మాట తీసేస్తే వ్యాసం ఉప్పులేని పప్పే. "పేరు వేస్తున్నట్టు ఆమెకు తెలుసా?" అని ఎడిటరమ్మ అడిగి నా నిద్ర చెడగొట్టింది. మర్నాడు సాయంత్రంలోగా చెప్పాలట. ఫోన్ చేస్తే రెండుసార్లూ శైలజ తండ్రే ఎత్తాడు, రెండుసార్లూ పెట్టేశాను. నాకెందుకొచ్చిన రాతలు! మా విద్యార్థిని ఒకామె దగ్గర అడ్రసు తీసుకుని బయల్దేరాను.

ఉదయం ఏడింటికి కాజీపేటలో రైలు. జనగామలో గానీ సీటు దొరకలేదు. పెండ్లి పూలకు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతున్న పక్కావిడ నా ముఖం చూసింది.

"ఏందమ్మా గట్లున్నవ్? దవాఖానకా?"

"కాదు, ఒకరింటికి."

"ఇంటికి పోనీకి గింత ఫికరా!"

సికింద్రాబాద్‌లో ఇడ్లీ తిన్నాను. అఫ్జల్‌గంజ్ దాకా బస్సు; ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బుల్లేవు. అక్కడినుంచి షేర్ ఆటో. మీరు వెళ్తే దుకాణాలు తెరవకముందే వెళ్ళండి, తర్వాత చార్మినార్ దగ్గర ఆటో కదలదు.

తలుపు తీసింది శైలజ తండ్రి రాములు, కరెంటు లైన్‌మన్. కాలేజీ పని మీద వచ్చానంటే కుర్చీ తుడిచి వేశాడు.

"మా బిడ్డకు సదువంటే పాణం మేడం. మస్తు సంబంధాలొచ్చినయ్, నేనే ఆపిన."

నా సంచిలో వ్యాసం ఉంది. దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను.

ఆయన ముందు అడగలేక లేచాను. నన్ను ఆటో ఎక్కించడానికి శైలజ గల్లీ చివరిదాకా వచ్చింది. అక్కడ ఆ వాక్యం చూపించాను. రెండుసార్లు చదివింది.

"బాపుకు ఇంగ్లీష్ రాదు. కాని ఎవడో ఒకడు తెలుగు చేసి వాట్సప్‌ల పెడ్తడు మేడం."

"పేరు తీసేస్తాను. వద్దంటే ఆ మాటే తీసేస్తాను."

"సాయంత్రం దాక ఆగుండ్రి."

తిరుగు రైల్లో కిటికీ సీటే దొరికినా బయటికి చూడలేదు. ఫోన్‌లో రెండు ప్రతులు పెట్టుకున్నాను, ఆమె మాట ఉన్నదొకటి, లేనిదొకటి. భువనగిరి దాటాక ఫోన్ మోగింది.

"బాపుకు చెప్పిన మేడం."

"అయ్యో! ఏమన్నారు?"

"అన్నం తినకుంట డ్యూటీకి పోయిండు."

"తీసేస్తానమ్మా, నీకీ లొల్లి వద్దు."

"వద్దు, పేరు పెట్టుండ్రి. దాని ఎన్క ఇంకోటి గూడ రాయుండ్రి. చేరింది అందుకే, కాని ఇప్పుడు సదువు నాకే గావాలె అని."

నిజంగానా అని మళ్ళీ అడిగాను. అయినా మాట మార్చలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో పెట్టి, ఆలేరు రాకముందే పంపేశాను. దేశదేశాల వాళ్ళు రెండు నిమిషాల్లో చదివేస్తారు. నాకు మాత్రం అన్నం తినకుండా వెళ్ళిన ఆ తండ్రి కాజీపేట దాకా ఎదురు సీట్లోనే కూర్చున్నట్టుంది.