తాతయ్య అద్దం మీద అంకె

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే పదకొండేళ్ళు నిండిన మూడో నెలలో, మా తాతయ్య మా అందరినీ మోసం చేస్తున్నాడని నాకు గట్టి అనుమానం కలిగింది. డెబ్బైల చివరి సంవత్సరాలవి. విశాఖపట్నంలో రేవుకి దగ్గరగా, వన్ టౌన్‌లో ఉండేవాళ్ళం. ఆరేసిన బట్టల మీద ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా పడేది.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, రేవులో టాలీ గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. ఓడలోకి ఎక్కే బస్తాలు లెక్కపెట్టడం ఆయన పని. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీద అడ్డంగా. బస్తా తన కళ్ళ ముందు దాటితేనే గీత గీసేవాడు. పక్కవాడు చెప్పాడని ఏనాడూ గీయలేదు. నాకు లెక్క నేర్పిందీ అలాగే.

ఆ జనవరిలో, ఓడలో పనిచేసే మా మావయ్య ఆయనకి కొత్త కళ్ళద్దాలు తెచ్చాడు. ఇంట్లో చూస్తే మామూలు అద్దాలే. వీధిలోంచి వస్తున్నప్పుడు మాత్రం నల్లగా ఉండేవి. మా సందులో నల్లద్దాలు పెట్టేది కంటి ఆపరేషను అయినవాళ్ళు, లేదంటే కళ్ళకలక వచ్చినవాళ్ళు. ఎదురింటి అత్త రెండోదే ఖాయం చేసేసింది.

"మీ తాతకి కళ్ళకలకొచ్చిందేటే? సెప్పకుండా దాసేత్తన్నాడు. మా పిల్లల దగ్గిరికి రానీకండి!"

అద్దాలు ఎండలో వాటంతటవే నల్లబడతాయనీ, నీడలోకి వస్తే మళ్ళీ తేటబడతాయనీ తాతయ్య చెప్పాడు.

"అవి అద్దాలేటి, ఊసరవెల్లులేటి?" అంది అత్త.

నేనూ నమ్మలేదు. ఆయన జేబులో రెండో జత ఉందనుకున్నాను. అరుగు మీద కూర్చుని నిఘా పెట్టి, నోటుపుస్తకం చివరి పేజీలో ఆయన బయటికి వెళ్ళినప్పుడల్లా ఒక గీత గీశాను. సందు చివర చెయ్యి జేబులోకి పోయినట్టుంటే పక్కన చుక్క పెట్టాను. వారంలో పద్నాలుగు గీతలు, తొమ్మిది చుక్కలు.

ఆ రోజుల్లో నా అనుమానం తాతయ్యతో ఆగలేదు. లెక్కల మాస్టారి మీద కూడా ఉండేది. బోర్డు మీది లెక్కలు దించుకుని, రెండుసార్లు సరిచూసుకుని ఇచ్చినా ఆరింటిలో నాలుగు కొట్టేసేవారు. వచ్చే పరీక్ష కూడా తప్పితే అదే క్లాసులో ఉంచేస్తామని నాన్నని పిలిచి చెప్పారు. మాస్టారు నా మీద కక్ష కట్టారని ఇంటికొచ్చి ఏడ్చాను. తాతయ్య నా పుస్తకం తీసుకుని చాలాసేపు పేజీలు తిప్పాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే నన్ను అరుగు మీదికి పిలిచాడు. "నాను సెప్తే నమ్మవు కదా. రా, లెక్కెట్టుకో," అని రెండు జేబులూ తిరగేసి చూపించాడు. చుట్టలు, అగ్గిపెట్టె, అంతే. కాగితంలోంచి ఒక అంకె కత్తిరించి, నాకు కనబడకుండా తడిపి అద్దానికి అంటించి ఎండలో పెట్టాడు. అరవై లెక్కపెట్టేసరికి అద్దం పొగచూరినట్టయింది. నూటయాభై దగ్గర దాన్ని నీడలోకి తెచ్చి, కాగితం ఊడదీసి, సున్నం వేసిన గోడ ముందు పట్టుకున్నాడు. కాగితం కప్పిన మేర అద్దం నల్లబడక, అంకె తేటగా మిగిలింది.

"అక్కణ్ణించే సదువు," అన్నాడు. మా మధ్య నాలుగు బారల దూరం.

"మూడు."

"సరిగ్గా సూడు."

"మూడే తాతయ్యా!"

అత్త తన గుమ్మంలోంచి, నాకంటే రెట్టింపు దూరంలోంచి అరిచింది: "ఎనిమిది కదేటే! నాకిక్కడికే కనపడతంది!"

పరిగెత్తుకెళ్ళి చూశాను. ఎనిమిదే. నేను చూస్తుండగానే అది మెల్లగా అద్దంలో కలిసిపోయింది. తాతయ్య నా లెక్కల పుస్తకం, దాని పక్కన నా క్లాసే చదివే అత్త కొడుకు పుస్తకం తెరిచాడు. కొట్టేసిన లెక్కల్లో, వాడి పుస్తకంలో ఎనిమిది ఉన్న చోట, నేను మూడు దించుకున్నాను. లెక్క తప్పు కాదు. మాస్టారిదీ తప్పు కాదు.

చివరి పేజీ కూడా తిప్పి, ఆ చుక్కల మీద వేలు పెట్టాడు. "ఇందులో నువ్వు సూసి ఎట్టినవి ఎన్నే?" అని మాత్రం అడిగాడు.

ఆ వారమే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అద్దాలు పెట్టుకుని బయటికొచ్చిన రోజు రేవులో క్రేన్లకి తాళ్ళుంటాయని మొదటిసారి చూశాను. పరీక్ష తప్పలేదు. అనుమానం మాత్రం పోలేదు. మే నెలలో అదే అద్దాన్ని మళ్ళీ ఎండలో పెడితే, జనవరిలో అంత నల్లబడలేదు. తాతయ్యని నిలదీస్తే, తెలీదని ఒప్పుకున్నాడు. వేడి ఎక్కువైతే అవి తక్కువ నల్లబడతాయని చాలా ఏళ్ళకి గానీ నాకూ తెలియలేదు.

ఇప్పుడు ఫోను వెలుగుని ఆపే అద్దాలంటారు, ఫ్రేములోనే కెమెరా ఉందంటారు. కొట్టువాళ్ళు చెప్పేది నేను ఊరికే నమ్మను. కత్తిరించిన కాగితపు అంకె ఇప్పటికీ నా సంచీలో ఉంటుంది. కానీ ఎవరి లెక్కైనా తప్పని అనబోయే ముందు, నా కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి పెట్టుకుని, నాలుగు బారలు దగ్గరికి వెళ్ళి చూస్తాను.

ఆ చివరి పేజీ కూడా దాచుకున్నాను. పద్నాలుగు గీతలూ అలాగే ఉన్నాయి. తొమ్మిది చుక్కలూ కొట్టేసి ఉన్నాయి. కొట్టేసింది నేనే.