వాన పుట్టిల్లు

మా నర్సమ్మ పోయిందన్న కబురు మా బస్తీ పై గల్లీలో ఉండే ఖాలా ఫోన్ చేసి చెప్పింది. రిటైరయ్యాక రఘునాథపల్లిలో కూతురింట్లో ఉంటోంది కదా, అక్కడే నిద్రలో పోయిందట. ఫోన్లోనే ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఖాలాయే అంది: "వానలు మొదలుగాకముందే పోయింది బేటీ. నడి వానల్లనైతే మనల్ని ఇడిశిపెట్టి పోవుడు ఆమెతోని కాకపోవు." ఏడుస్తున్నదాన్ని కాస్తా నవ్వేశాను.

ఆమె ఉద్యోగం ఏఎన్ఎం. మా బస్తీలో మాత్రం ఎవరికీ ఆ పేరు పట్టలేదు, అందరికీ నర్సమ్మే. పిల్లలకు సూదులు వేసేది, కడుపుతో ఉన్నవాళ్లకు బీపీ చూసేది, మాత్రలు మింగారో లేదో నాలుక చాపించి మరీ చూసేది. చేతులు ఖాళీగా ఉండాలని గొడుగును జాకెట్టు వెనక మెడ దగ్గర తగిలించుకుని నడిచేది. టీ ఇస్తే సాసర్లో పోసుకుని జుర్రుమని తాగేది. తిట్టడం మొదలుపెడితే మా అత్త కూడా నోరు మూసుకునేది. మా అత్త నోరు మూయించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మా బస్తీ నాలా పక్కన ఉంటుంది. మాది కింది గల్లీ. వాన గట్టిగా కొడితే నాలా పొంగి మా ఇళ్లలోకి వస్తుంది. ముస్లింలు ఉండే పై గల్లీ ఎత్తు మీద ఉంది, వాళ్లకు మడమలు కూడా తడవవు. రేషన్ దుకాణం దగ్గర ఒకే వరసలో నిలబడతాం గానీ, వాళ్ల గడప మేం తొక్కింది లేదు, మా గడప వాళ్లు తొక్కింది లేదు.

ఒక వానాకాలం మా గల్లీలో ఉండే దమ్ము రోగం తాత నీళ్లకు భయపడి పైకి ఎక్కాడు. ఎక్కినవాడు ఎవరి తలుపూ కొట్టలేదు. ఒక ఇంటి చూరు కింద తడుస్తూ అట్లాగే కూర్చున్నాడు. జ్వరం ఛాతీలోకి దిగి, దవాఖానలో చాలా రోజులు ఉండి, ఎట్లాగో బతికి వచ్చాడు. తలుపెందుకు కొట్టలేదని నర్సమ్మ అడిగితే, "ఏమనుకుంటరో అని" అన్నాడట. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అప్పటినుంచి కనబడ్డ వాళ్లందరికీ ఒకటే చెప్పేది: "నీళ్లు ముంచుడు తర్వాత సంగతి బిడ్డా. మనల్ని ముందు మొహమాటం ముంచుతది."

ఆ మరుసటి ఏటి నుంచి మృగశిర కార్తె మొదలయ్యే మిరుగు రోజున ఒక పని పెట్టుకుంది. కింది గల్లీలో ఒక్కో ఇంటికి పై గల్లీలో ఒక ఇంటిని జత చేసి, దానికి 'వాన పుట్టిల్లు' అని పేరు పెట్టింది. తానే వెంటబెట్టుకుపోయి, ఆ ఇంట్లో కూర్చోబెట్టి, టీ తాగించేది. పడక ఎక్కడ వేయాలో, మందులు ఏ గూట్లో పెట్టాలో అప్పుడే చూసుకోవాలి. పై గల్లీ ఆటోలవాళ్లకు ఇంకో హుకుం: మబ్బు పడితే ఆటో కిందికి తేవద్దు, దవాఖాన తోవ వైపు తిప్పి ఎత్తు మీదే పెట్టాలి.

నేను రెండో కాన్పుకు సిద్ధంగా ఉన్న ఏడు నాకు ఖాలా ఇల్లు వచ్చింది. ఖాలా అంటే వాళ్ల మాటలో పిన్ని. మా అత్త మూతి ముడిచింది. నా అసలు పుట్టిల్లు ధర్మసాగర్‌లో ఉండగా ఈ కొత్త పుట్టిల్లేమిటని ఆమె బాధ. మేం పోయేసరికి ఖాలా చాప పరిచి, గిన్నెలో బియ్యంతో కూర్చుని ఉంది. పుట్టింటివాళ్లు ఏం చేస్తారని నర్సమ్మను అడిగిందట. ఆమె నవ్వులాటకు, "ఒడిబియ్యం పోస్తరు" అందట. పాపం ఖాలా దాన్ని నిజమనుకుంది. ఎంత పసుపు కలపాలో తెలియక డబ్బా మొత్తం కుమ్మరించింది. నా ఒడిలో పోసిన ఆ బియ్యం బంతిపూల కంటే పచ్చగా ఉంది. చీరకు పట్టిన ఆ పసుపు ఎన్ని ఉతుకులకూ వదల్లేదు. దారి పొడుగునా మా అత్త సణుగుడే: "పసుపు కలుపుడు రాని వియ్యపురాలు దొరికింది."

ఆ వానాకాలమే ఆకాశానికి చిల్లు పడింది. తెల్లవారుతుండగా నాకు నొప్పులు మొదలయ్యాయి. అప్పటికే నీళ్లు మంచం కోళ్లు దాటాయి. మా ఆయన ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ, అక్కడే ఇరుక్కుపోయాడు. ధర్మసాగర్ రోడ్డు మునిగింది. నర్సమ్మ నాలాకు అవతల ఉంది, కల్వర్టు మీద నీళ్లు పోతున్నాయి, ఫోన్లు కలవడం లేదు. బిడ్డ ఆ నీళ్లలోనే పుడుతుందని, మేమిద్దరం దక్కమని అనుకున్నాను. మా అత్త వాకిట్లోకి ఒకసారి చూసి, కొంగు నడుముకు చుట్టి, మా పెద్దపిల్లాణ్ణి చంకనేసుకుని, నా రెక్క పట్టుకుంది.

"లే బిడ్డా. నీ పుట్టింటికి పోదాం నడువు."

ఖాలా ఇంటి ముందుకు చేరేసరికి తలుపు బార్లా తీసి ఉంది. చాప పరిచి ఉంది. పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. ఆటో నడిపే ఖాలా పెద్దకొడుకు నన్ను చూడగానే నేరుగా ఆటో దగ్గరికే నడిచాడు. వాన జర తెరిపినిచ్చేసరికి దవాఖానలో నాకు ఆడపిల్ల పుట్టింది. మా అత్త, ఖాలా ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారని ఆయా చెప్పింది. ఇద్దరూ ఇప్పటికీ ఒప్పుకోరు.

నీళ్లు తగ్గాక నర్సమ్మ చీర ఎగదోపుకుని, చెప్పులు చేతబట్టుకుని బురదలో వచ్చింది. ఇంటింటికీ క్లోరిన్ బిళ్లలు ఇచ్చి, నీళ్లు కాచి తాగమని తిట్టి, ఆఖరికి నా దగ్గరికి చేరింది. పాపను చూడకముందే నన్ను అడిగింది.

"తలుపు కొట్టినవా, బయటనే నిలబడ్డవా?"

"కొట్టే పని పడలే సిస్టర్. తీసే ఉండె."

ఆమె గోడకు జారగిలబడి కూర్చుని, కళ్లు మూసుకుని, పెద్దగా ఊపిరి వదిలింది. పక్కన పెట్టిన టీ చల్లారిపోయినా ముట్టలేదు. అంత హాయిగా కూర్చున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆమెకు నేనెంత రుణపడ్డానో అప్పుడు చెప్పాల్సింది. చెప్పినా, మాత్రలు మింగినవా అని అడిగేదేమో.

రిటైరయ్యాక కూడా మిరుగుకు వచ్చి అందరినీ పిలిచేది, ఇప్పుడామె లేదు. మిరుగు వస్తుంటే నాకు ఒకటే దిగులు: పిలిచేవాళ్లు లేకపోతే ఎవరు కదులుతారు? కొత్తగా వచ్చిన నర్సు చిన్నపిల్ల, మా సంగతులు ఇంకా తెలియవు. మిరుగు పొద్దున తలుపు తీసి చూద్దును కదా, మా గల్లీ ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే పైకి బయల్దేరుతున్నారు. ఆ నర్సు వాళ్ల మధ్యలో నడుస్తూ అదేమిటి, ఇదేమిటి అని అడుగుతోంది. నా గుండె మీంచి బరువు దిగిపోయింది.

పక్కింటి కొత్త కోడలికి ఏడో నెల. ఆమెకూ వాన పుట్టిల్లు ఖాలా ఇల్లే. తోవలో వెనకాడింది, "ఏమనుకుంటరో అక్కా" అంటూ. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మా అత్త ముందు నడిచింది.

ఖాలా గడపలో గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఈసారి పసుపు సరిపోయిందా అని మా అత్తను అడిగింది. మా అత్త బియ్యం వేళ్లతో అటూ ఇటూ కదిపి, "జరంత తక్కువైంది వదినా" అంది. ఖాలా డబ్బా కోసం లోపలికి పోయింది. తీసి ఉన్న తలుపు రెక్క మీద ఆమె వేళ్ల గుర్తులు పచ్చగా కనబడ్డాయి.