చిన్నత్త పెళ్ళికొచ్చిన ఇద్దరు దొరలు

నా చిన్నప్పుడు మా తాతయ్య ముందు ఎవరైనా నోరుజారి 'అనకాపల్లి బెల్లం' అన్నారో, ఇక ఆ పూటకి వాళ్ళ పని అయిపోయినట్టే. చెరుకు మా చోడవరానిది, గానుగ మాది, పొగలో కళ్ళు మండించుకుని పాకం తిప్పేది మేము. బండెక్కి అనకాపల్లి మార్కెట్టులో దిగేసరికి మాత్రం మా బెల్లం కాస్తా వాళ్ళ బెల్లం అయిపోయేది. దేశమంతా వాళ్ళ పేరే! ఇంత ఉక్రోషం ఉన్న మనిషి తన చిన్న కూతురికి సంబంధం ఎక్కడ కుదిర్చాడనుకున్నారు? అనకాపల్లిలోనే. ఏం చేస్తాడు పాపం, కుర్రాడు బంగారం, పైగా చిన్నత్తకి తెగ నచ్చేశాడు.

చిన్నత్త అంటే నాకు ప్రాణం. ఆవిడ దగ్గరే పడుకునేదాన్ని, ఆవిడ చేత్తోనే జడ వేయించుకునేదాన్ని. పెళ్ళి ఏ మాటా రాకుండా జరిగిపోతే చాలని ఆవిడ కనిపించిన దేవుడికల్లా మొక్కుకుంది. పెళ్ళికొడుక్కి తండ్రి లేడు. పెదనాన్నగారే పెంచారు. ఆయన వెండి పొన్ను వేసిన చేతికర్ర పట్టుకుని, మీసం దువ్వుకుంటూ నడిచే మనిషి. మర్యాదలో వీసమెత్తు తేడా వచ్చినా ఊరుకోరనీ, వెనక వాళ్ళింట్లో ఒక సంబంధం పీటల దాకా వచ్చి ఆయన అలకతోనే చెడిపోయిందనీ మాకు ముందే చెప్పారు. చిన్నత్త భయమంతా అదే.

మా బాబాయి అప్పట్లో విశాఖపట్నంలో ఒక కంపెనీ జీపు తోలేవాడు. కొత్త మిషన్లు బిగించడానికి వచ్చిన ఇద్దరు దొరలని తిప్పడం అతని పని. చెల్లెలి పెళ్ళని సెలవడిగితే, మేమూ వస్తామని వాళ్ళే జీపెక్కేశారట. ముందు రోజు సాయంత్రం ఆ జీపు మా వీధిలోకి తిరిగిందో లేదో, పిల్లలందరం వెనక పరుగు. ఇంగ్లీషు దొరలొచ్చారని మేము అరిచే అరుపులకి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. వాళ్ళల్లో ఎర్రజుట్టు దొర కిందికి దూకి, వేలు పైకెత్తి, "నో ఇంగ్లీష్! స్కాట్లాండ్!" అన్నాడు. పక్కనున్న బట్టతల దొర కడుపు పట్టుకుని ఒకటే నవ్వు. ఆ బట్టతలాయన ఇంగ్లండు మనిషి. ఇక ఆ సాయంత్రమంతా మా పిల్లలకి అదే ఆట, ఎవరిని ఎవరు పిలిచినా "నో ఇంగ్లీష్, స్కాట్లాండ్" అనడమే.

మా నాయనమ్మ బాబాయిని కూర్చోబెట్టి సంగతంతా రాబట్టింది. రెండూ పక్కపక్క దేశాలనీ, ఒకే రాణి కింద ఉంటాయనీ, పూర్వం కొట్టుకు చచ్చారనీ, ఇప్పుడు లోకం మాత్రం అందరినీ కలిపి ఇంగ్లీషువాళ్ళనేస్తుందనీ, అదే ఎర్రజుట్టాయన బాధనీ బాబాయి చెప్పాడు. నాయనమ్మకి ఇంకేమీ వివరించక్కర్లేకపోయింది. మన బెల్లానికి ఆళ్ళ పేరెట్టినట్టేనన్నమాట అని, ఆ దొర ఆకులో ఇంకో రెండు బూరెలు వేయించింది.

ఆ ఇద్దరూ క్షణం ఊరుకుంటే ఒట్టు. స్కాట్లాండంటే ఇంగ్లండుకి పెరడు లాంటిదని ఒకడంటాడు. ఆ పెరట్లోంచి ఇంజనీర్లు వచ్చి సాయం పట్టకపోతే మీ ఇంట్లో దీపం వెలగదని రెండోవాడంటాడు. మాట మాటకీ గొంతులు లేచేవి. మా అమ్మ హడలిపోయి, రాత్రికి వీళ్ళని వేరు వేరు గదుల్లో పడుకోబెట్టమని బాబాయిని బతిమాలింది. నాయనమ్మ మాత్రం చూసి చూసి నవ్వింది.

"ఓలమ్మా, ఆళ్ళు దెబ్బలాడుకోటం లేదే. వియ్యంకులల్లే ఎక్కిరించుకుంటన్నారు" అంది.

మర్నాడు పెళ్ళి. సాయంత్రం ముహూర్తం. పొద్దున్నే ఎర్రజుట్టు దొర గదిలోంచి బయటికి వచ్చేసరికి వాకిట్లో ఉన్నవాళ్ళం ఉన్నచోటే ఆగిపోయాం. పైన కోటు, కింద మోకాళ్ళ దాకా గళ్ళ గుడ్డ, కాళ్ళకి పొడుగు మేజోళ్ళు! తాతయ్య గుండె గుభేలుమంది. పెళ్ళికి గళ్ళ లుంగీతో ఎవరైనా వస్తారా, అదీ సగానికి మడిచి కట్టి! గబగబా పెట్టె తీసి జరీ పంచె ఒకటి పట్టుకొచ్చి ఆయన చేతిలో పెట్టాడు. పాపం ఆయన మొహం చిన్నబోయింది. అది వాళ్ళ దేశంలో పెళ్ళికి కట్టే బట్టనీ, ఆ గళ్ళు వాళ్ళ ఇంటిపేరుని బట్టి ఉంటాయనీ, పెట్టెలో పెట్టుకుని ఇంత దూరం తెచ్చుకున్నాడనీ బాబాయి చెప్పాడు. తాతయ్య నాలిక్కరుచుకుని, అయితే ఇది ఆయన పట్టుబట్ట అని అందరికీ తనే చెప్పుకు తిరిగాడు. బట్టతల దొరకి మాత్రం పండగే పండగ. కనబడినప్పుడల్లా వంగి, అదేదో గౌనన్నట్టు దాని కుచ్చిళ్ళు సవరించబోయేవాడు. ఎర్రజుట్టాయన కాలెత్తి తన్నబోయేవాడు. మేము పిల్లలం పడీ పడీ నవ్వాం.

మధ్యాహ్నం మగపెళ్ళివారికి బంతి వేశారు. కింద చాపలు, ముందు విస్తళ్ళు, వరస చివర ఈ ఇద్దరు దొరలు. ఎర్రజుట్టు దొర ఒళ్ళో బాబాయి ముందుజాగ్రత్తగా ఒక తువ్వాలు పరిచాడు. చిన్నత్త లోపలి గదిలో ఉంది. నా పని పరుగులే. గుమ్మం దగ్గర చూడ్డం, లోపలికెళ్ళి చెప్పడం. పెదనాన్నగారు కూర్చున్నారా, కూర్చున్నారు. బూరె తిన్నారా, తిన్నారు. మొహం ఎలా ఉంది, బాగానే ఉంది. అప్పుడు ఆడవాళ్ళు వియ్యాలవారి పాట ఎత్తుకున్నారు. మా వైపు పాట కట్టడమంటే నాయనమ్మే.

*బెల్లమమ్మే ఊరి వియ్యాలవారమ్మా*
*సెరుకుగెడ సూసి సేతికర్రన్నారమ్మా*

పాట ఆ ఊరివాళ్ళందరి మీదా ఎప్పుడో కట్టుకున్నదే. అందులో చేతికర్ర అన్న మాటకి ఆడవాళ్ళందరి చూపూ ఒక్కసారిగా పెదనాన్నగారి పక్కనున్న వెండి పొన్ను కర్ర మీద పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకేముంది, మొత్తం పందిరి నవ్వింది. పెదనాన్నగారు తింటున్న ముద్ద విస్తట్లో వదిలేసి లేచి నిలబడ్డారు.

మగపెళ్ళివారి పెద్ద విస్తరి ముందు నుంచి లేవడమంటే మాటలా! వెనకే ఒక్కొక్కరూ లేవడం మొదలుపెట్టారు. పిలిచి అవమానం చేశారు, బస్సు తీయించండి అంటున్నారాయన. తాతయ్య చేతులు జోడించి ఎదురుగా నిలబడ్డాడు. నేను లోపలికి పరిగెత్తి చెప్పాను. చిన్నత్త నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగిపోయేంత గట్టిగా. నాకు ఏడుపొచ్చేసింది. అయినా చెయ్యి విడిపించుకుని మళ్ళీ గుమ్మం దగ్గరికి పరిగెత్తాను.

సరిగ్గా అప్పుడే మగపెళ్ళివారి కుర్రాడొకడు బయటికి పోతూ పోతూ ఎర్రజుట్టు దొర ముందు ఆగాడు. ఆడదాని గౌను కట్టుకున్నవాడే వీళ్ళకి దొరికిన పెద్దమనిషని వచ్చీరాని ఇంగ్లీషులో వెటకారంగా అన్నాడు. వాడి స్నేహితులు వెకిలిగా నవ్వారు. ఎర్రజుట్టు దొర తల వంచుకుని ఒళ్ళోని తువ్వాలు సర్దుకున్నాడు. పొద్దుటి నుంచీ అన్ని మాటలు పడ్డ మనిషే, ఈ మాటకి మాత్రం చెవులదాకా కందిపోయాడు.

బట్టతల దొర లేచాడు. కొడతాడనుకున్నాం అందరం. ఆ కుర్రాడి వైపు చూడనైనా చూడలేదు. పందిట్లోంచి నేరుగా మా పెరట్లోకి నడిచాడు. దండెం మీద ఆరేసిన తాతయ్య గళ్ళ లుంగీ లాగి, ప్యాంటు మీదే చుట్టుకుని, గోనెసంచి మూతి బిగించినట్టు ముడేసుకుని తిరిగొచ్చాడు. వచ్చి, తన స్నేహితుడి పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, బూరె తినడం మొదలుపెట్టాడు.

ఎర్రజుట్టు దొర ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. చూసి ఏదో అన్నాడు. ఏమన్నాడని నలుగురూ అడిగితే, నీ మొహానికి ఇది నప్పలేదన్నాడని బాబాయి చెప్పాడు. పందిరంతా గొల్లుమంది! అప్పటిదాకా బస్సు తీయమన్న పెదనాన్నగారి మీసం కూడా కదిలింది. నేను కళ్ళారా చూశాను.

నాయనమ్మ ఆ సందు వదల్లేదు. కొంగు నిండుగా కప్పుకుని ఆయన ముందుకొచ్చింది.

"అన్నయ్యగారూ, పరాయోల్ని మేం ఎక్కిరించం. మర్యాద సేసి పంపేస్తాం. మావోల్లనుకున్నాం కాబట్టే మీ మీద పాట కట్టేను. రేప్పొద్దున్న మిమ్మల్ని ఎవుడైనా ఓ మాటన్నాడంటే, ఆ దొర లెగిసినట్టు ముందు నేనే లెగుస్తాను."

ఆయన ఆవిడ వైపు చూశారు, లుంగీ దొర వైపు చూశారు. చివరికి ఆ కుర్రాణ్ణి పిలిచి, ముందు ఆ దొరకి క్షమాపణ చెప్పమని కర్రతో చూపించారు. వాడు చెప్పాడు. అప్పుడు చేతికర్ర పక్కన పెట్టి, మళ్ళీ విస్తరి ముందు కూర్చున్నారు.

"మీ పాటకి జవాబు మావోల్ల కాడ లేదనుకున్నారేటి?" అని వాళ్ళ ఆడవాళ్ళకేసి సైగ చేశారు.

*సెరుకంతా పండించి సోడారం వారు*
*పేరేమో మాకిచ్చి పస్తున్నారమ్మా*

తాతయ్య గుండెలో బాణంలా దిగింది కాబోలు, ఎప్పుడూ లేనిది ఆయనే ముందు నవ్వాడు. నేను లోపలికి ఎలా పరిగెత్తానో నాకు తెలీదు, గడప తగిలి పడ్డాను కూడా. కూర్చున్నారని చెప్పేసరికి చిన్నత్త నన్ను ఒళ్ళోకి లాక్కుని, పెళ్ళి చీర నలిగిపోతుందన్న ధ్యాస లేకుండా ఏడ్చింది. బయట పాట మీద పాట లేస్తూనే ఉంది. సాయంత్రం ముహూర్తానికి గొంతు మిగిలిన ఆడమనిషి రెండు వైపులా ఒక్కరూ లేరు.

ఇప్పుడు నాకు యాభైకి దగ్గర పడుతోంది. ఉమ్మడి ఇల్లు, ఆఫీసు, వాట్సాప్ గ్రూపులు, ఎక్కడ చూసినా ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే. నా యాసని ఎక్కిరించేవాళ్ళున్నారు, నా వంటని ఎక్కిరించేవాళ్ళున్నారు. నేను ఒకటే చూసుకుంటాను: నలుగురిలో నాకు అవమానం జరిగిన రోజున ఈ మనిషి లేచొచ్చి నా పక్కన కూర్చుంటాడా? కూర్చుంటాడనిపిస్తే ఎన్ని మాటలన్నా పడతాను, రెట్టింపు తిరిగి అంటాను. నా నోటికి కూడా అదే కట్టడి పెట్టుకున్నాను. ఎవరి కోసం నేను లేవలేనో, వాళ్ళని నేను ఎక్కిరించను.