పసుపు రాసిన డోగోన్ బొమ్మ

మూడేళ్ల కిందటి మాట. డాలస్‌లోని ఒక చిన్న వేలం సంస్థలో నేను కేటలాగర్‌ని. అంటే అమ్మకానికొచ్చిన ప్రతి వస్తువునూ పరీక్షించి, దాని పుట్టుపూర్వోత్తరాలు రాసేదాన్ని. సాఫ్ట్‌వేర్ వదిలి ఈ పాత సామాన్ల పనిలో పడ్డానని మా చుట్టాలకి ఇప్పటికీ నా మీద జాలి.

ఆ ఎండాకాలం డాలస్ పక్కనే ఉన్న కాపెల్ నుంచి డోరతీ అనే పెద్దావిడ ఒక కొయ్యబొమ్మ తెచ్చింది. ఆఫ్రికాలోని మాలీ దేశంలో డోగోన్ జనం చెక్కినది. మూరెడు పొడవుంటుంది. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ మనిషి. ఒళ్లంతా నల్లటి మడ్డి. పూజల్లో ఏళ్ల తరబడి పోసిన సజ్జ గంజి ఎండి అలా పేరుకుంటుంది. దాన్ని మేం పాటినా అంటాం. బొమ్మ అసలుదా నకిలీదా అని కొనేవాళ్లు ముందు చూసేది దాన్నే.

"మా ఆయన అక్కడ బావులు తవ్వించేటప్పుడు కొన్నాడు. కాగితాలన్నీ ఉన్నాయి" అంది డోరతీ. "ఇది అమ్ముడుపోతేనే వృద్ధుల హోమ్‌లో నాకు తోట వైపు గది దొరుకుతుంది."

లైట్లు ఆర్పి యూవీ ల్యాంప్ వేశాను. ఆ వెలుగులో కొత్తగా చేసిన మరమ్మతులు బయటపడతాయి. బొమ్మ నుదురు, రెండు పాదాలు నిమ్మపండు రంగులో మెరిశాయి. పైన కొత్త రంగు కనిపిస్తే, కింది మడ్డిని కూడా ఎవరూ నమ్మరు. కానీ నుదురు, పాదాలు మాత్రమే ఏమిటి? ఆలోచించేసరికి నవ్వొచ్చింది.

"మీ పక్కింట్లో తెలుగువాళ్లున్నారా?"

"రత్నం ఉంది. నీకెలా తెలుసు?"

డోరతీ ఫోన్ కలిపి నాకిచ్చింది. బొమ్మకి పసుపు రాశారా అని రత్నం గారిని అడిగాను.

"నేనేనమ్మా. ఆవిడ ఐసీయూలో ఉన్నప్పుడు మొక్కలకి నీళ్లు పోయమని కీస్ ఇచ్చారు. ఈ బొమ్మలో ఆయనేమో అలా చేతులెత్తి నిలబడున్నాడు. చూసీ చూడనట్టు ఎలా వచ్చేస్తాను? శుక్రవారం శుక్రవారం కాస్త పసుపు రాసి, ఆవిడ క్షేమంగా తిరిగి రావాలని దణ్ణం పెట్టుకున్నా. పాడుచేశానా ఏమిటి?"

విషయం డోరతీకి చెప్పాను. "నాకు చెప్పనే లేదు" అంది.

మా మేనేజర్ తుడిచేయమన్నాడు. తుడిస్తే పాత మడ్డి కూడా ఊడొస్తుంది. పైగా దాచిపెట్టి అమ్మడం నాకు చేతకాదు. వస్తువు బాగోగులు చెప్పే కండిషన్ రిపోర్ట్‌లో ఉన్నదున్నట్టు రాశాను: "నుదుట, పాదాల మీద పసుపు. ఇటీవల పొరుగింటామె రాసినది." రాసి, డోరతీ గది పోగొట్టానేమోనని వారం రోజులు భయపడ్డాను.

ఇలాంటి పాత బొమ్మలు సేకరించే ఒకే ఒక్కాయన నుంచి మెయిల్ వచ్చింది. కాగితాల గురించి అడగలేదు, మడ్డి గురించి అడగలేదు. "ఆమె ఎందుకు రాసింది?" అన్నాడు.

"ఇంటామె ప్రాణాలతో తిరిగి రావాలని" అని జవాబిచ్చాను.

ఆయనే కొన్నాడు. పసుపు తుడవొద్దని కూడా చెప్పాడు.

అంతవరకూ మడ్డి ఎంత పాతదన్నదే చూసేదాన్ని. ఆ గంజి పోసినవాళ్లు కూడా ఎవరో ఒకరు బతకాలనే పోసి ఉంటారని అప్పటిదాకా నాకు తట్టలేదు. డోరతీ ఇప్పుడు తోట వైపు గదిలోనే ఉంది. శుక్రవారాలు రత్నం గారు వెళ్లి చూసొస్తున్నారు.