అదర్స్ గడిలో దొరికిన పెళ్ళి

అది 1999 వేసవి. హైటెక్ సిటీ గుండ్రటి మేడ కొత్తగా మెరుస్తున్నా, దాని చుట్టుపక్కల ఇంకా బండలు పేలుస్తూనే ఉండేవారు. మధ్యాహ్నం భోజనాల వేళ ముందు ఈల వినపడేది, ఆ వెంటనే మోత. మా కంప్యూటర్ తెరలు ఒక్కసారి వణికి సర్దుకునేవి. ఆ మేడకు కాస్త ఇవతల, ఒక చిన్న భవనం రెండో అంతస్తులో డేటా కన్వర్షన్ ఆఫీసు మాది. పాత కాగితాల మీద ఉన్నదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడమే మా పని. కొత్తగూడలోని మా అద్దె గది నుంచి నేను నడిచే వెళ్ళేదాన్ని.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి ఏళ్ళ తరబడి మంచం మీదే ఉన్నాను. ఒంగోలులో దస్తావేజుల నకళ్ళు రాసే గుమాస్తా మా నాన్న. సాయంత్రం ఇంటికొచ్చాక నాకు చదువు చెప్పేవారు. నాలుగు గీతల పుస్తకంలో కలిపిరాత నేర్పారు. వంకరటింకర చేతిరాతలు తెచ్చి, "పైకే చదువమ్మా. కంటికి దొరకనిది చెవికి దొరుకుతుంది" అనేవారు. డిగ్రీలున్న పిల్లలకు అర్థంకాని రాత నాకు అర్థమవుతుందనే ఆ ఆఫీసువాళ్ళు నన్ను తీసుకున్నారు. జ్వరాన్ని కూడా దేవుడు ఏదో లెక్కలో ఇచ్చాడని అప్పుడు తెలిసింది. రోజూ కుర్చీలో కూర్చోగానే, "ప్రభువా, ఈ పూట నా కళ్ళను కాపాడు" అని మనసులో అనుకుని మొదలుపెట్టేదాన్ని.

ఆ వేసవిలో మాకొక ప్రత్యేకమైన పని వచ్చింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపున్న ఒక పాత ఆంగ్లికన్ చర్చి రిజిస్టర్లు అవి. తెల్ల పటాలాల కోసం కట్టిన రాతి గుడి. సిపాయిలు తుపాకులు ఆనించుకోవడానికి బెంచీలకు చెక్కిన గాట్లు ఇప్పటికీ ఉన్నాయట. తెలుగు ఆరాధన అందులో చాలా కాలం తర్వాత గానీ మొదలుకాలేదు. వాళ్ళు వార్షికోత్సవానికి గుడి చరిత్ర అచ్చువేస్తున్నారు. మా యజమాని ఆ సంఘంవారే కాబట్టి రిజిస్టర్లను ఎక్కించే పనిని సేవగా ఒప్పుకున్నారు.

రిజిస్టర్లను ఒంటరిగా బయటికి పంపడానికి సంఘం ఇష్టపడలేదు. అందుకని రోజూ ఉదయం ఒక రేకు పెట్టెలో వాటిని పెట్టుకుని గుడి గంట కొట్టే సామేలు తాత ఆటోలో వచ్చేవాడు. సాయంత్రందాకా పెట్టె పక్కనే కూర్చునేవాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మడత నలగని పంచె. వచ్చీరాగానే పెట్టె తెరవడు. కూజా దగ్గరికి వెళ్ళి గ్లాసుల్లో నీళ్ళు పోసి అందరికీ ఇచ్చేవాడు.

"మీరెందుకండీ తాతగారూ, మేం తాగుతాంగా" అన్నాను మొదటి రోజు.

"మా ఇంట్ల గంతే బిడ్డా. ఏ పని షురూ జేసినా ముందు నీళ్ళిస్తం. పెండ్లిల గూడ పెండ్లికొడుకే ముందు అందరికి నీళ్ళు తాపుతడు."

"ఎందుకని?"

"నాకేం దెల్వదు. మా తాత జేసిండు, మా నాయిన జేసిండు, నేన్ జేస్తున్న."

మా పనిలో డబుల్ కీయింగ్ అని ఒక పద్ధతి ఉంది. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా టైపు చేస్తారు. ఇద్దరికీ తేడా వచ్చిన చోట కంప్యూటర్ ఎర్రగా చూపిస్తుంది. ఎవరిది సరైందో తేల్చడం క్యూసీ పని, అంటే నా పని. నవ్వుకునే సంగతులు చాలా జరిగేవి. డిట్టో అనడానికి ఆ రోజుల్లో పొట్టిగా 'డి, ఓ' అని రాసేవారు. ఒకమ్మాయి అది ఇంటిపేరనుకుని ఒక పేజీలోని సిపాయిలందరినీ ఒకే ఇంటివాళ్ళను చేసేసింది. ఆ వారమంతా ఆమెను "డూగారి కోడలా" అని పిలిచారు. ఇంకో పక్క కలరా వచ్చిన ఏడాది సమాధుల పేజీలూ ఉండేవి. పసిపిల్లల పేర్లు వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి ముందుకు వెళ్ళేదాన్ని.

మూడో రోజు సామేలు తాత నా కుర్చీ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"బిడ్డా, నీ మిషన్ల ఒక పేరు జూస్తవా? మా ముత్తాత నాయిన ఎల్లయ్య. మా ఇంటిపేరు పకాల. గా గుడిలనే ఆయన పెండ్లి అయిందని మా ఇంట్ల చెప్పుకుంటరు. ఆమె పేరు మార్త. అందుకే మా ఇంట్ల పెద్దబిడ్డకెప్పుడూ మార్తనే పెడ్తం."

చరిత్ర పుస్తకంలో 'తొలి కుటుంబాలు' అని ఒక భాగం వేస్తున్నారట. మొదటి రిజిస్టర్లో పేరున్నవాళ్ళకే అందులో చోటు. తాత వెళ్ళి అడిగితే కమిటీ పెద్దమనిషి నవ్వాడట.

"'సామేలూ, అప్పట్ల అది దొరల గుడి. మీవోళ్ళు బయట గంట గొట్టి ఉంటరు గాని లోపట పెండ్లెట్లయితది?' అన్నడు బిడ్డా. కాయితం తెస్తే ఏస్తమన్నడు. శనివారం పుస్తకం అచ్చుకు పోతది."

పకాల అని వెతికాను. రాలేదు. స్పెల్లింగులు మార్చి వెతికాను. ఎల్లయ్య అని వెతికాను, అదీ లేదు. మార్తలు మాత్రం వరసగా వచ్చారు, అందరూ దొరసానులేనని అనుకున్నాం. "లేదండీ తాతగారూ" అని చెప్పాల్సి వచ్చింది. ఆయన తల ఊపి, వెళ్ళి పెట్టె పక్కన కూర్చున్నాడు.

గురువారం ఉదయం తాత ఎప్పటిలాగే నీళ్ళిస్తున్నాడు. మెట్ల దగ్గర కాపలా ఉండే ఖాజా భాయ్ లోపలికి తొంగిచూసి కేకేశాడు.

"ఏం పఖాలీ సాబ్! అందరికి ఇస్తున్నరు, మాకు లేవా? జర ఇటు దిక్కు గూడ సూడుండ్రి!"

నా చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

"ఖాజా భాయ్, ఇప్పుడేమన్నారు?"

"పఖాలీ అన్న మేడమ్. పరేషాన్ గాకుండ్రి, తిట్టు గాదు. ఎన్కట ఎద్దు మీద తోలుసంచులేసి పల్టన్లకు నీళ్ళు మోసెటోళ్ళు. వాళ్ళని పఖాలీ అంటుండ్రి. మా దాదా చెప్తుండె."

పక్-ఆ-లీ. రిజిస్టర్ పేజీలు తిప్పుతూ ఆ మాటను నేను చూశాను. పేరు గడిలో కాదు, వృత్తి గడిలో. పి, యు, సి, కె... ఆ కాలపు దొరలు మన 'అ'కి 'యు' రాసేవారు. రంగయ్యను వాళ్ళు రాస్తే రుంగయ్యలా కనిపిస్తుంది. పైకి చదివి ఉంటే నాకు అప్పుడే దొరికేది. నేను కంటితో చూసి వదిలేశాను.

వదిలేయడానికి దారి వేసింది కూడా నేనే. వృత్తి గడిలో ఒక్కో మాటా కొట్టడం ఆలస్యమని, సోల్జర్, సార్జెంట్, డ్రమ్మర్ అంటూ ఒక జాబితా చేసి, అందులో లేనిదాన్ని 'అదర్స్' అని వెయ్యమని చెప్పింది నేను. టీమ్ లీడర్ శ్రీనివాస్ నన్ను మెచ్చుకున్నాడు కూడా.

"శ్రీనివాస్ గారూ, నావల్ల తప్పు జరిగిందండీ" అని చెప్పి, పెళ్ళిళ్ళలో అదర్స్ అని పడినవన్నీ తెర మీదికి రప్పించాను. ఒక్కోదానికీ పేజీ స్కాన్ తెరిచి పైకి చదవడం మొదలుపెట్టాను. డోలీ మోసేవాడు. గుడారాలు వేసే లస్కరు. వంటవాడు. పదకొండు గంటలు దాటాక వచ్చింది. పెళ్ళికొడుకు ఎలయాస్. వృత్తి పఖాలీ. పెళ్ళికూతురు మార్త.

"బాప్తిస్మంలో ఎల్లయ్య ఎలయాస్ అయ్యాడు తాతగారూ" అన్నాను.

"మా ఇంటిపేరు పకాల ఊరి పేరు గాదా అయితే?" అన్నాడు తాత.

"ఊరు కాదండీ, పని. నీళ్ళిచ్చే పని."

శ్రీనివాస్ తెర వైపు వంగి, "సంతకం గడి చూడండి మేడమ్. ఇద్దరూ 'ఇల్లెజిబుల్' అని కొట్టారు" అన్నాడు. ఇల్లెజిబుల్ అంటే చదవడానికి వీల్లేనిది. ఇద్దరు ఆపరేటర్లూ ఒకేలా కొట్టారు కాబట్టి ఎర్రగా కాలేదు, నా దాకా రాలేదు.

అసలు రిజిస్టర్ తెరిచి కిటికీ వెలుగులో పెట్టాం. మిగతా వరసల్లో సంతకం రానివాళ్ళ గీతలు, తెల్లవాళ్ళ కలిపిరాతలు. ఈ వరసలో మాత్రం గుండ్రగా, తడబడుతూ, సిరా కాస్త పాకి ఏవో అక్షరాలు. నేను నోరు తెరవబోయి ఆగాను. చదవాల్సింది నేను కాదు.

సామేలు తాత కళ్ళజోడు సర్దుకున్నాడు. కాగితాన్ని తాకకుండా దాని మీదుగా వేలు కదిపాడు.

"యె... ల్ల... య్య." ఆగి మళ్ళీ చదివాడు. "యెల్లయ్య. తెలుగు బిడ్డా! మన తెలుగు!"

ఇంగ్లీషు కోసమే వెతుకుతున్న కళ్ళతో ఇద్దరు తెలుగు పిల్లలు తెలుగును చదవలేమని రాసేశారు. వాళ్ళలో ఒకరు డూగారి కోడలే. నాలుక కరుచుకుని, ఏడుస్తూ నవ్వుతూ తాత చేతులు పట్టుకుంది. బయట ఈల వినపడింది, బండ పేలింది, తెరలన్నీ వణికాయి. "గంట గొట్టిండ్రు!" అన్నాడు తాత. అందరం పకపకా నవ్వాం.

ఆ రోజూ మర్నాడూ ఎవరూ అడక్కుండానే పిల్లలంతా అదర్స్ గడులు మళ్ళీ చదివారు, ఈసారి పైకి. ఆఫీసు బడిలా మోగిపోయింది. లస్కర్లూ, డోలీవాళ్ళూ, వంటవాళ్ళూ, గుర్రాల చాకిరీవాళ్ళూ ఒక్కొక్కరే పేరుతో సహా బయటికొచ్చారు. శనివారం తాత ఆ కాగితాలు తీసుకుని వెళ్ళాడు. కమిటీ పెద్దమనిషి రెండుసార్లు చదివి, "కూసో సామేలూ" అని తన కుర్చీ చూపించాడట. "నేను కూసోలే బిడ్డా. ముందు ఆయనకు నీళ్ళిచ్చిన" అన్నాడు తాత.

వార్షికోత్సవానికి మమ్మల్ని కూడా పిలిచారు. గుడి గుమ్మంలో సామేలు తాత, పక్కన ఆయన పెద్దకూతురు మార్త, ఒక పెద్ద ఇత్తడి బిందె. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరికీ గ్లాసు అందిస్తున్నాడు. నా వంతు వచ్చినప్పుడు, "ఇప్పుడు దెల్సిందా బిడ్డా, ఎందుకిస్తమో" అన్నాడు.

"తెలిసిందండీ" అని తాగాను. చల్లగా ఉన్నాయి.

ఆ పని తర్వాత నేను చాలా ఏళ్ళు చాలా కాగితాలు చూశాను. కొత్త పని ఏది వచ్చినా, చేరిన పిల్లలకు జాబితా ఇచ్చేముందు అదర్స్ గడి తెరిచి చూపించేదాన్ని. ఇక్కడ వేసే ముందు ఒక్కసారి పైకి చదవండి అని చెప్పేదాన్ని. ఆ మాట నాది కాదు, మా నాన్నది. దాన్ని నేనే మర్చిపోయిన రోజున ఖాజా భాయ్ కేకతో మళ్ళీ గుర్తుచేసినందుకు ఇప్పటికీ రోజూ పని మొదలుపెట్టేముందు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను. చెప్పుకుని, పక్కనున్నవాళ్ళకు నీళ్ళిస్తాను.