మోటారుకు గది, మనుషులకు తాటిచెట్టు

ఆ పొలంలో మోటారుకు స్లాబు గది ఉంది, నాట్లు వేసే ఆడవాళ్లకు తాటిచెట్టు ఉంది. గది తాళం ఆసామి ఇంట్లో ఉంటుంది. పిడుగుల హెచ్చరికా ఆయన ఫోనుకే వస్తుంది. నిరుడు ఆ చెట్టు కింద పిడుగు పడి నారాయణమ్మ చనిపోతే పంచనామాలో దైవఘటన అని రాశారు. తాళం సంగతి రాయలేదు.

జగ్గమ్మకు అది ఒకరు రాయనక్కరలేదు. నరసన్నపేట దగ్గరి ఆ మడుల్లో, పెళ్లై వచ్చిన నాటి నుంచి నారాయణమ్మ పక్కనే వంగి నాటింది. ఆ రోజు గది తలుపు తెరుచుకుంటుందేమో లాగి చూద్దామని వెళ్లబట్టే మిగిలింది. అప్పటినుంచి ఉరుము వినబడితే చాలు, నీళ్లలోంచి గట్టెక్కి, చెట్టుకు దూరంగా పొడి కల్లంలో పాదాలు దగ్గరగా పెట్టుకుని ముడుచుకు కూర్చుంటుంది. అది చూసి నవ్వే జట్టులో ఆమె పక్కన నాటేవారు లేరు. అన్నాల వేళ కూడా ఒక్కతే క్యారేజీ విప్పుకుంటుంది.

ఈ ఏడు నారాయణమ్మ కూతురు శైలజ నాట్లకు వచ్చింది. మొన్న మధ్యాహ్నం మబ్బు కమ్మి ఉరమగానే అందరూ యూరియా సంచులు గొప్పెగా కప్పుకుని, మొవ్వు మాడిన ఆ తాటిచెట్టు కిందికే పరుగెత్తారు. శైలజ కూడా. జగ్గమ్మ మాత్రం కల్లంలోకి వెళ్లి ముడుచుకు కూర్చుంది.

“ఓపాలి పిడుగు పడ్డ సెట్టు మీద మళ్లీ పడదే, రాయే జగ్గమ్మా! కప్పలాగ కూకున్నాది సూడండర్రా!” చెట్టు కింద నుంచి ఒకామె అరిచింది.

జగ్గమ్మ చూపు శైలజ మీదనే ఉంది. “ఒసే, ఆ రోజు నాను గది కాడికెల్తంటే మీ అమ్మ కూడా అలగే నవ్విందే. సెట్టొదిలి రాయే!”

“తడిసిపోతానత్తా!”

“తడిస్తే ఆరతావు. సస్తే ఏటి సేస్తావు?”

శైలజ నవ్వు ఆగిపోయింది. వానలోకి దిగి పరుగున వచ్చింది. ఏడాదిగా తన పక్కకు వచ్చిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. దగ్గరకు తీసుకోవాలని చాచబోయిన చేతులను జగ్గమ్మ మోకాళ్ల చుట్టూ బిగించుకుంది.

“నన్నంటుకోకు. ఆ మూల కూకో. ఒకేచోట ఉంటే ఇద్దరమూ పోతాం.”

ఇద్దరి మధ్య వాన కురుస్తూనే ఉంది. ఆ పూట పిడుగు మరెక్కడో పడింది.

ఉరుములు సద్దుమణిగాక ఆసామి ధర్మేంద్ర బండి మీద వచ్చాడు. “మెసేజ్ ఎప్పుడో వచ్చిందే. మీరు సూసుకుంటారు కదా అనుకున్నాను.”

“ఆ తాళం తీసుంచు బాబూ,” అంది జగ్గమ్మ.

“మోటారు ఎవడైనా పట్టుకుపోతే?”

ఆమె మడిలో దిగి, చివరి వరుసలో వంగింది.

ధర్మేంద్ర గారూ, నాట్లు ముగిసేదాకా ఆ గదికి తాళం వేయకండి. మోటారు తీగలకు ఎడంగా మనుషులు నిలబడే చోటు విడవండి. అధికారులారా, హెచ్చరిక పొలంలో వినబడేలా సైరన్ పెట్టండి. నారాయణమ్మ పంచనామాలో ఆ తాళం సంగతి ఇప్పుడైనా రాయండి.